బాటకైన ఖర్చు, బండికైన నష్టము

ప్రభుత్వమువారి లెక్కలలో రెండు మాటలు మిక్కిలి చిత్రముగా వాడబడుచున్నవి. ఒక పల్లెకు తారుబాట వేయుటకై వెచ్చించిన సొమ్మును అభివృద్ధి యందురు. ఆ బాటమీద బస్సు నడుపుటలో తక్కువపడిన సొమ్మును నష్టమందురు. బాట తన ఖర్చు తాను సంపాదించుకొనలేదని దాని నెవరును నిందింపరు. బస్సు సంపాదించుకొననిచో మాత్రము పత్రికలలో వ్యాసములును, శాసనసభలో ప్రశ్నలును, డిపోలు మూయవలెనను సలహాలును బయలుదేరును. రెండును ప్రజల సొమ్మే. రెండును ప్రజల రాకపోకల కొఱకే. అట్లుండ నొకదానికి బిరుదమును, రెండవదానికి అపవాదమును ఎట్లు కలిగినవో చరిత్రమున వెదకుట మా యుద్దేశము. ఈ చరిత్రము మనలో పెక్కురు తలంచునట్లు బస్సుతో నారంభము కాలేదు, రైలుతో నారంభమైనది.

1849వ సంవత్సరము ఆగస్టులో ఈస్టిండియా కంపెనీవారు రెండు రైలు కంపెనీలతో ఒడంబడికలు వ్రాసికొనిరి. రైలు వేయుటకు భూమి యుచితముగా నిచ్చుటయే కాక, ఇంగ్లండులో వాటాలు కొన్నవారికి పెట్టుబడిమీద నూటికి అయిదు వంతున వడ్డీ తప్పక ముట్టునని హామీ నిచ్చిరి. రైలు ఆదాయ మా వడ్డీకి చాలనియెడల ఆ కొఱత యీ దేశపు బొక్కసమునుండి పూరింపవలెను. ఆ బొక్కసములో ముఖ్యభాగము రైతు చెల్లించిన శిస్తే. 1853లో బొంబాయినుండి ఠాణాకును, 1856లో మద్రాసు రాయపురమునుండి వాలాజాకును బండ్లు నడిచిన కాలమున వానివెనుక నున్న ఏర్పా టిదియే. నష్టమెవరిదో నిశ్చయమైయున్నపుడు పొదుపెవరికి కావలయును? హిందూదేశ ప్రభుత్వమున ఆర్థిక సభ్యుడుగా నుండిన విలియం మాసీయే 1870ల దశాబ్దమున పార్లమెంటు సంఘము నెదుట ఈ మాట యొప్పుకొనెను. అయిదు వంతుల వడ్డీ దొరకునంతకాలము తన సొమ్ము ఇటుకలుగా మాఱినను, హుగ్లీ నదిలో పాఱవేయబడినను ఆంగ్ల ధనికునకు భేదము లేకుండెనని ఆయన చెప్పిన దాని సారాంశము. గోదావరి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఈ పద్ధతిని తుదివఱకు ఖండించుచునే యుండెను. కాలువలలో పడవలు సరకును రైలుకన్న చౌకగా మోయును, ఆ నీరే పొలములను పండించును, అట్టి కాలువలకు సొమ్ము లేదనుచు రైలు వడ్డీకి మాత్ర మెంతయైన నిచ్చుచున్నారని ఆయన వాదము. ఆ వాదము నెగ్గలేదు. మన దేశమున ప్రయాణసాధనములకు ప్రభుత్వ మిచ్చిన మొదటి పెద్ద సాహాయ్యము ప్రయాణికునకు చేరలేదు, వాటాదారునకు చేరినది. ఇది గుర్తుంచుకొనదగిన సంగతి.

నైజాం రాష్ట్రమున ఈ కథ మఱింత తీవ్రముగా నడచినది. వాడీనుండి సికిందరాబాదు వఱకు గల రైలుమార్గము 1874లో తెఱవబడెను. దానిని వరంగల్లు, బెజవాడ, చాందా వైపులకు పొడిగించుటకై 1883లో లండనులో నొక కంపెనీ యేర్పడెను. నిజాం ప్రభుత్వము ఇరువది సంవత్సరములు నూటికి అయిదు వంతున వడ్డీ హామీ యిచ్చునట్లు షరతులు కుదిరినవి. కావుననే దానికి 'నిజాం గ్యారంటీడు స్టేటు రైల్వే' యను పేరు. అపుడు హైదరాబాదులో కొందఱు చదువరులు లేచి, ఈ షరతులేమి, ఈ భారమెంత, ఎవరిమీద పడును, కాగితములు ప్రజలకు చూపుడని యడిగిరి. వారిలో ప్రముఖులు అఘోరనాథ చట్టోపాధ్యాయులును, ముల్లా అబ్దుల్ ఖయ్యూమును. అఘోరనాథులు ఎడింబరో విశ్వవిద్యాలయమున శాస్త్రమున డాక్టరు పట్టమందినవారు. నగరమున ఆంగ్లవిద్యకు పునాదులు వేసినవారు. సరోజినీదేవి తండ్రిగా ఆయనను మన మెక్కువగా నెఱుగుదుము. ఆమె నాలుగేండ్ల బాలికగా నున్నపుడు ఆమె తండ్రి లెక్కలడిగిన నేరమునకు రాష్ట్రమునుండి బహిష్కరింపబడెను. కొంతకాలమునకు మఱల రానిచ్చిరి గాని, అడిగిన ప్రశ్న అడిగినట్లే నిలిచిపోయెను. బెజవాడ వఱకు రైలు 1889లో వచ్చి చేరినది.

ఆ రైలు అనావశ్యకమని మేము చెప్పబోము. తెలంగాణమును సముద్రతీరముతో కలిపిన దదియే. కరవు వచ్చినపుడు ధాన్యము తెచ్చినదియు నదియే. ప్రభుత్వసాహాయ్యము తప్పు గాదు. దాని లెక్క మఱుగుపఱచుట తప్పు. అఘోరనాథులును అంతకుమించి కోరలేదు.

ఇంగ్లీషువారి యేలుబడిలోనున్న తెలుగు జిల్లాలలో బాటలకు సొమ్ము మఱియొక త్రోవను వచ్చెను. 1871 నాటి మద్రాసు స్థానిక నిధుల చట్టము ననుసరించి రైతు తన శిస్తుతోబాటు రోడ్లకును బడులకును సెస్సు చెల్లించుచుండెను. జిల్లాబోర్డులు ఏర్పడిన పిమ్మట ఆ సొమ్ముతో కంకరబాటలు పెరిగినవి. ఇచ్చట నొక ముచ్చట చెప్పవలసియున్నది. ఆ బోర్డులు బాటలతో తృప్తిపడక తామే రైళ్లును వేయించినవి. 1908లో తెఱవబడిన బెజవాడ–బందరు రైలు కృష్ణాజిల్లా బోర్డువారిది. 1916 నాటి తెనాలి–రేపల్లె రైలు గుంటూరు జిల్లా బోర్డువారిది. ఒకే బోర్డు, ఒకే రైతు చెల్లించిన సొమ్ము, బాటయు రైలును ఒకే గృహపు ఖర్చులుగా నడచిన కాల మది. అప్పటి సభ్యులకు తెలిసిన సామాన్య విషయము నేడు మనకు క్రొత్త సిద్ధాంతమువలె తోచుచున్నది.

ఇంతలో మోటారు వచ్చెను. దానితో బాటల స్థితి మాఱిపోయెను. ఎద్దుబండి చక్రములకు ఓర్చిన కంకర మోటారు వేగమునకు ఓర్వలేదు. దుమ్ము లేచిపోయి గుంతలు మిగులును. బాగుచేయుటకు సొమ్ము కావలసివచ్చెను. 1927లో ముకుందరావు జయకరుగారి యధ్యక్షతను కూడిన సంఘము ఆలోచించి, పెట్రోలుమీద ప్రత్యేకపు సుంకము వేసి దానిని రోడ్లకే వినియోగింపవలెనని సూచించెను. ఆ ప్రకారము 1929లో గాలనుకు రెండణాల అదనపు సుంకము వచ్చినది. బాట నుపయోగించువాడే బాటకు సొమ్ము పెట్టవలెనను న్యాయము ఇందున్నదని మేమొప్పుకొందుము. మద్రాసు రాజధానిలో 1931 నాటి చట్టముతో దారి మధ్యనుండిన టోలుగేట్లు పోయి, వానికి బదులుగా మోటారు వాహనపు పన్ను వచ్చెను. గేటువద్ద ప్రతి బండివాడును తన చేతితో చెల్లించిన సుంకము కంటికి కనబడెడిది. పన్నుగా మాఱిన పిమ్మట బాట యూరక దొరకునట్లు తోచసాగెను. ఒక భావము ప్రజల మనసులలో నాటుకొనుటకు ఇట్టి చిన్న మార్పులే చాలును.

అదే సమయమున రైలువారు మొఱపెట్టజొచ్చిరి. రైలు తన దారి తాను వేసికొని, తన గేట్లకును స్టేషనులకును తానే కాపలా పెట్టుకొని, పెట్టుబడికి వడ్డీ కట్టుచుండ, ప్రైవేటు బస్సువాడు సర్కారు బాటమీద స్వల్పపు పన్నుతో నడపి లాభము గల దారులలోని ప్రయాణికులను లాగికొనుచున్నాడని వారి ఫిర్యాదు. దీనిపై మిచెల్, కిర్క్‌నెస్ అను నిద్దఱధికారులు 1930ల తొలినాళ్లలో విచారణ జరిపి నివేదిక సమర్పించిరి. 1939 నాటి మోటారు వాహనముల చట్టము బస్సులకు పర్మిట్లు, దారులు, వేళలు నిర్ణయించుటకు ఈ వివాదమే యొక ముఖ్యకారణము. బ్రిటిషు మండలములలో ఇట్లు రైలును బస్సును వైరులుగా నిలిపి, నడుమ చట్టమును కాపలా యుంచిరి.

హైదరాబాదులో మాత్రము వేఱొక యుపాయము తోచెను. అది మా మతమున ఈ చరిత్రమంతటిలో మిక్కిలి వివేకము గల యధ్యాయము. 1930లో నిజాం ప్రభుత్వము హామీ కంపెనీనుండి రైలును కొనివేసెను. లాభనష్టములు రెండును తనవే యైనపుడు బస్సుతో కలహమెందులకు? 1932 జూనులో రైల్వేశాఖయే 'రోడ్డు ట్రాన్స్‌పోర్టు డిపార్టుమెం' టను పేరుతో బస్సులు నడుప నారంభించెను. అపుడు బస్సులు 27. పనివారు 166 మంది. బ్రిటనునుండి తెప్పించిన ఆల్బియన్ బండ్లవి. రైలుస్టేషనునుండి ఊళ్లకు బస్సు, ఊళ్లనుండి స్టేషనుకు ప్రయాణికులు. ఒకదాని కొఱత రెండవదాని రాబడిలో సర్దుకొనుచుండెను. మన బస్సుల నెంబరులోని 'జడ్' అక్షరము ఏడవ నిజాము తల్లి జహ్రా బేగము పేరునుబట్టి వచ్చినదని ప్రతీతి. అది నిజమో కాదో గాని, ఒక యేలిక తల్లి పేరు బస్సుకు పెట్టదగినదని జనులు నమ్ముటయే ముచ్చట. కోస్తా జిల్లాలలో బస్సనగా ఫలానివారి బస్సు. తెలంగాణమున బస్సనగా సర్కారు బస్సు. ఈ భేదము మొన్నమొన్నటివఱకు పెద్దల మాటలలో వినబడుచుండెడిది.

స్వాతంత్ర్యానంతరము 1950లో పార్లమెంటువారు రోడ్డు రవాణా సంస్థల చట్టమును చేసిరి. ఈ చట్టములోని మూడు సెక్షనులను చదువరులు వరుసగా చూడవలెనని మా కోరిక. పదునెనిమిదవ సెక్షను, చాలినంతయు సమర్థమును చౌకయు నగు రవాణా కల్పించుట సంస్థకు విధి యని చెప్పుచున్నది. ఇరువదిరెండవ సెక్షను, సంస్థ వ్యాపారసూత్రములపై నడువవలెనని యాజ్ఞాపించుచున్నది. బస్సెక్కువా రిద్దఱే యైన కొండపల్లెకు బండి నడుపుట విధియో, వ్యాపారమో చట్టము తేల్చి చెప్పలేదు. ముప్పదవ సెక్షను అన్నిటికన్న విచిత్రమైనది. వడ్డీ, తరుగుదల, సౌకర్యములు, విస్తరణము పోగా లాభమింకను మిగిలినచో దానిని రోడ్ల యభివృద్ధికై రాష్ట్రప్రభుత్వమున కీయవలెనట! అనగా బస్సు లాభము బాటకు చెందును. బస్సు నష్టమునకు బాట యేమి ఇయ్యవలెనో అచ్చట వ్రాయలేదు. చట్టము వ్రాసినవారి యుద్దేశము చెడ్డది కాదు. ఆనాడు బస్సు లాభదాయకమైన వ్యాపారమనియు, బాట బీదదియనియు అందఱి నమ్మకము. కాలము తిరుగబడినను అక్షరము తిరుగబడలేదు.

హైదరాబాదు రైలు 1951లో కేంద్రప్రభుత్వపు రైల్వేలలో కలిసిపోగా, బస్సుశాఖ రైలుకు దూరమై రాష్ట్రప్రభుత్వము చేతికి వచ్చెను. అంతటితో ఒకే పద్దులో రైలు బస్సులు కలిసి బ్రతికిన రోజులు ముగిసినవి. ఆంధ్రప్రదేశ మేర్పడిన పిమ్మట 1958 జనవరి 11న రోడ్డు రవాణా సంస్థ స్థాపితమయ్యెను. కృష్ణాజిల్లా దారులను జాతీయము చేయబోగా ప్రైవేటు యజమానులు సుప్రీంకోర్టు కెక్కిరి. అభ్యంతరములు విన్నది రవాణాశాఖ కార్యదర్శి, నిర్ణయము చేసినది ముఖ్యమంత్రి; విన్నవాడొకడు, తీర్పరి యొకడైన అది విచారణయే కాదని 1958లో న్యాయస్థానము ఆ పథకమును కొట్టివేసెను. గుళ్లపల్లి నాగేశ్వరరావు వ్యాజ్యమని న్యాయవాదులు నేటికిని దానిని పేర్కొందురు. ముఖ్యమంత్రి తానే విని మఱల నిర్ణయించిన పిదప బస్సులు సంస్థ కిందికి వచ్చినవి. నలువది యేండ్లలో సంస్థ యెంత పెరిగెననగా 1999 అక్టోబరు నాటికి 18,397 బస్సులతో ప్రపంచమున నదియే పెద్దదని గిన్నీసు గ్రంథమున కెక్కెను.

ఇక లెక్కల సంగతి చూతము. ఈ సంస్థ మోటారు వాహనపు పన్ను కట్టెను. చిరకాలము తన వసూళ్లలో ఇంత వంతు అను లెక్కను కట్టెను. డీజిలు కొన్నపుడు అమ్మకపు పన్ను కట్టెను. పెట్రోలుమీద 1998లోను, డీజిలుమీద 1999లోను లీటరుకు రూపాయి చొప్పున కేంద్రము సెస్సు వేసి, 2000లో కేంద్ర రోడ్డు నిధి చట్టమును చేయగా, ఆ సెస్సును కట్టెను. ఆ నిధితో విశాలమైన రహదారులు వచ్చినవి. వచ్చిన పిమ్మట వానిమీద నడచినందుకు టోలుప్లాజాలవద్ద సుంకమును బస్సు కట్టుచున్నది. ఆ సొమ్ము టిక్కెట్టులో కలిపి ప్రయాణికునినుండియే రాబట్టుచున్నారు. 1931లో పోయిన టోలుగేటు ఈ విధముగా మఱల వచ్చి, బాట వేయుటకును దానిపై నడచుటకును పల్లెటూరి కూలివానిచేతనే యిప్పించుచున్నది.

దీనికి బదులు చెప్పువారు గలరు. వారి మాట వినకుండుట న్యాయము కాదు. కారు గలవాడు పెట్రోలు పన్ను కట్టుట లేదా, బండి కొన్ననాడే జీవితకాలపు పన్ను కట్టుట లేదా యని వారందురు. నిజమే, కట్టుచున్నాడు, కొంచెముగా కాదు. బస్సు బరువైనది, బాటను కారుకన్న నెక్కువ యరగదీయునని మఱియొక మాట. అదియు నిజమే. 1958–60 నడుమ అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున జరిగిన పరీక్షలలో ఇరుసుపై బరువు రెట్టింపైనచో బాట యరుగుదల సుమారు పదునాఱు రెట్లగునని తేలినది. అందువలన దారిని పాడుచేయువారిలో లారీ మొదటిది, బస్సు తరువాతిది, కారు మిక్కిలి తక్కువది. కాని నగరమున కొఱత పడునది బాట మందము కాదు, బాట వెడల్పు. ఏబదిమందిని మోయు బస్సు రెండుమూడు కార్ల చోటు పట్టును. ఆ ఏబదిమందియే కార్లలో పోయినచో వీధి యంతయు నిండును. ఆ వెడల్పు కొఱకు ఇండ్లు కొట్టి, పరిహారము లిచ్చి, వంతెనలు లేపుచున్నారు. ఆ సొమ్ము పెట్రోలు సెస్సునుండియే రాదు. నగరవాసి యింటిపన్నునుండి, ప్రభుత్వము తెచ్చిన అప్పులనుండి, భూముల అమ్మకములనుండి వచ్చుచున్నది. కారు లేనివాడును దానికి చందాదారుడే.

హైదరాబాదునే చూడుడు. 2009లో తెఱవబడిన పి.వి. నరసింహారావు గారి పేరిటి ఎత్తుబాట పదునొకండున్నర కిలోమీటర్లకు పైబడినది. దానిపై సుంకము లేదు. నగరము చుట్టును 158 కిలోమీటర్ల వలయరహదారి అప్పుసొమ్ముతో కట్టబడినది. దానిపై సుంకము కలదు గాని ద్విచక్రవాహనమునకును ఆటోకును ప్రవేశము లేదు. ఆ మార్గమును 2023లో ముప్పది యేండ్లకు 7,380 కోట్ల రూపాయలకు గుత్తకిచ్చినపుడు గుత్తధర చాలునా చాలదా యని తగవు వచ్చినది. అసలు రహదారి యేల లాభము నీయవలెనని అడిగినవారు లేరు. 2017లో నడువ మొదలిడిన మెట్రో రైలుకు వేఱు కొలత. కేంద్రము మంజూరు చేసిన 1,458 కోట్ల సాహాయ్యమునకు 'లాభదాయకత లోటు భర్తీ' యని పేరు. పేరులోనే లోటు. ఎత్తుబాటకు పెట్టిన సొమ్మును లోటుభర్తీ యని పిలిచిన లెక్కను మేమెచ్చటను చూడలేదు.

ఇది మన జాడ్యము మాత్రమే కాదు. అమెరికావారు 1956లో 41,000 మైళ్ల రహదారులను తలపెట్టి, ఖర్చులో నూటికి తొంబది వంతులు కేంద్రము భరించునట్లు చట్టము చేసిరి. పెట్రోలు పన్నంతయు ఒక నిక్షేపనిధిగా చేర్చి, రహదారి తన్ను తాను పోషించుకొనునని చాటిరి. నగర ట్రాములు ఒకటొకటిగా మూతపడిన పిదప 1964లో గాని నగర రవాణాకు సాహాయ్యచట్టము రాలేదు. పెట్రోలు పన్నులో దానికొక సెంటు వంతు 1982లో దొరకినది. 2008 మొదలుకొని ఆ రహదారినిధి వట్టిపోవగా సామాన్య ఖజానానుండి మాటిమాటికి సొమ్ము పోసి నిలుపుచున్నారు. తన్ను తాను పోషించుకొనునను మాట మాత్రము వారి నోటినుండి త్వరగా పోలేదు.

మన సంస్థ కథకు మరలుదము. రాష్ట్రము రెండైన పిదప సంస్థయు రెండయ్యెను. 2019 అక్టోబరు 5న తెలంగాణలో సుమారు 48,000 మంది పనివారు సమ్మెకు దిగిరి. సంస్థను ప్రభుత్వమున కలుపవలెనని వారి ముఖ్యమైన కోరిక. ఏబదిదినములు మించిన ఆ సమ్మెలో నష్టమను మాట ఎన్నిమార్లు వినబడెనో లెక్కలేదు. ఆ సమ్మె కోరిక తీరకయే ముగిసినది. అదే కోరిక 2020 జనవరి 1న ఆంధ్రప్రదేశమున నెఱవేఱి, అచ్చటి పనివారు ప్రభుత్వోద్యోగులైరి. ఒకే తల్లి బిడ్డలైన రెండు సంస్థలలో నొకదానిలో జీతము ప్రభుత్వవ్యయమైనది, రెండవదానిలో సంస్థ నష్టముగానే యుండెను. బండియు, కండక్టరును, టిక్కెట్టు ధరయు సుమారుగా ఒకటియే.

పిదప 2023 డిసెంబరు 9న తెలంగాణలోను, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశములోను స్త్రీలకు బస్సు ప్రయాణ ముచితమయ్యెను. దీనిపై మన యిండ్లలోనే ఎంత హాస్యము చెల్లుచున్నదో చదువరు లెఱుగుదురు. ఆడువారు పనిలేక తిరుగుచున్నారట, బస్సులు క్రిక్కిఱిసినవట. క్రిక్కిఱిసిన మాట నిజము. బండ్లు తగినన్ని పెంచకుండ ఛార్జీ తీసివేసినచో సీటు కొఱకు తగవులు తప్పవు. ఆ లోపమునకు ఏలికలే యుత్తరవాదులు. కాని పనిలేక తిరుగుటను గూర్చి యొక ప్రశ్న. ఇంటిలో ద్విచక్రవాహన మున్నచో అది సాధారణముగా ఎవరి చేతిలో నుండును? మగవాని పనికి పెట్రోలు కొనగా మిగిలిన దానిలో ఆడుదాని ప్రయాణము వెదకుకొనవలసినదే. పొరుగూరి కళాశాలకు పోవలసిన పిల్లను ఛార్జీ కొఱకు మాన్పించిన యిండ్లు మన యెఱుకలో లేవా? ఆసుపత్రికి రేపు పోవచ్చునని వాయిదావేసికొన్న తల్లులు లేరా? ఎత్తుబాటకు కోట్లు వెచ్చించునపుడు దానిమీద పోవువారు పనిమీద పోవుచున్నారా, షికారు పోవుచున్నారా యని యెవరును విచారణ సంఘమును వేయలేదు.

ఈ యుచిత ప్రయాణమునకు స్త్రీకి కండక్టరొక చీటి యిచ్చును. జనులు దానిని జీరో టిక్కెట్టందురు. ఎచ్చట నెక్కినదియు, ఎచ్చట దిగునదియు అందుండును. ఆ చీటీల మొత్తమునుబట్టి సంస్థ ప్రభుత్వమును సొమ్మడుగును. ఒక కూలివనిత మండలకేంద్రమునకు పోయి వచ్చినచో బొక్కసమున కెంత భారమో కాగితముమీద నున్నది; శాసనసభలో నెవరైన నడుగవచ్చును, పత్రికలో నెవరైన వ్రాయవచ్చును. ఎత్తుబాట నెక్కి దిగిన కారునకు అట్టి చీటి నిచ్చు కండక్ట రింతవఱకు నియమింపబడలేదు.